దీపం కొండెక్కించమనే మెకానిక్

మొన్న మా మేడ మీద అద్దెకున్న వాళ్లింటికి ఏసీ బిగించడానికి ఎవరో వచ్చారు. నేను కింద వంటింట్లో గోంగూర తుంపుతున్నాను. పైనుంచి ఒక మోత మొదలైంది. ముందు గరగరలాడి, తర్వాత గొంతు సర్దుకుని, ఒకే శ్రుతిలో సాగే మోత. నా చేతిలో కాడ చేతిలోనే ఉండిపోయింది. లేచి దేవుడి గూటి దగ్గరకు వెళ్లి, గన్నేరు పువ్వుతో దీపాన్ని నొక్కేశాను. నొక్కాక గానీ తెలివి రాలేదు. పైవాళ్ల ఏసీకీ మా దేవుడి గూటికీ సంబంధమే లేదు. అలాంటి మోత మొదలయ్యేముందు దీపం ఆర్పించే మనిషి పోయి ఏడాది దాటింది.

ఆయన మా రామచంద్రపురంలో ఫ్రిజ్ మెకానిక్. పేరు చెప్పను. వాళ్లావిడ ఇంకా ఇక్కడే ఉంది, మిషను కుట్టుకుంటోంది. అయినా ఊళ్లో సగంమందికి ఆయన పేరు తెలియదు. ‘దీపాలార్పే మెకానిక్’ అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపించేవాళ్లు.

పొడుగు మనిషి. గుమ్మాలకు తల తగులుతుందని ఎప్పుడూ కాస్త ముందుకు వంగి నడిచేవాడు, ఆకాశం కింద కూడా. ఎడమ కనుబొమ్మ సగమే ఉండేది. వయసులో ఉండగా రావులపాలెంలో అరటిపళ్లు ముగ్గబెట్టే చల్లగది రిపేరుకి వెళ్లి, గ్యాసు మంట కొట్టి కాల్చుకున్నాడట. పెళ్లిళ్లకు వెళ్లేటప్పుడు ఆ మిగతా సగం వాళ్లావిడ కాటుకతో దిద్దుకునేవాడు. ఉక్కపోతకి చెమట పట్టి, భోజనాల వేళకి ఆ కాటుక చెంప మీదకి దిగేది. ఎవరైనా నవ్వితే, “నవ్వండి, నవ్వండి. ఇది నా సర్టిఫికెట్ అండి. కాలేజీవాళ్లకి గోడకుంటది, నాకు మొహాన ఉంది” అనేవాడు.

మామూలుగా ఫ్రిజ్ బాగుచేసేవాళ్లు రాగానే ఫ్రిజ్ దగ్గరకు వెళతారు. ఈయన ముందు పొయ్యి దగ్గరకు వెళ్లేవాడు. సిలిండరు కట్టేసేవాడు. కిటికీలన్నీ బార్లా తెరిచేవాడు. తర్వాత దేవుడి గది కనపడేంత దూరంలో ఆగి, “దీపం ఉందా అమ్మా?” అని అడిగేవాడు.

మా ఇంటికి మొదటిసారి వచ్చినప్పుడు మా అత్తగారు బతికే ఉన్నారు. ఈయన తిన్నగా, “దీపం ఆర్పేయండమ్మా” అన్నాడు. మా అత్తగారు చేతిలో జపమాల పక్కన పెట్టేశారు.

“ఏమిటయ్యా ఆ మాట? పొద్దున్నే ఇంటికొచ్చి దీపం ఆర్పమంటావా? అంత అశుభం మాట మీ ఇంట్లో అంటారా?”

“మా ఇంట్లో దీపం ఉండదండి. చర్చికి వెళ్తామండి మేము.”

“అదీ సంగతి! అందుకే నోటికెంతొస్తే అంత అంటున్నావు. ఆర్పడం అనకూడదు. కొండెక్కించడం అనాలి. అదీ నోటితో ఊదకూడదు, పువ్వుతో కొండెక్కించాలి.”

ఇంకొకడైతే మొహం మాడ్చుకునేవాడు. ఈయన ఆ మాటని రెండుసార్లు నోట్లో తిప్పుకుని చూసుకున్నాడు, కొత్త మిఠాయి చప్పరించినట్టు. “కొండెక్కించండమ్మా... ఆయ్, బాగుందండి.” అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా అదే మాట. అంతటితో ఆగలేదు. దారిలో ఎవరి కంచె మీద పువ్వు కనపడితే అది కోసుకొచ్చి, గుమ్మం ఇవతలే నిలబడి, రెండు చేతులతో ఇంటావిడకి అందించేవాడు. “ఇదిగోండి పువ్వు. కొండెక్కించండమ్మా.” స్కూటరు మీద ఒక సంచిలో పంపు, ఇంకో సంచిలో రెండు ఇటుకలు, చొక్కా జేబులో నందివర్ధనం. అలా వచ్చేవాడు.

పువ్వు ఇచ్చేవాడే గానీ దేవుడి దగ్గరకు వచ్చేవాడు కాదు. మా ఇంట్లో దేవుడి గూడు భోజనాల గదిలోనే ఉంది. గూటికీ ఫ్రిజ్‌కీ మధ్య నాలుగంగలు. అయినా గూటి వైపు వీపు పెట్టి కూర్చునేవాడు. “మీ దేవుడి మూల మీకేనండి. నేను చూడకూడదు” అనేవాడు. చూస్తే ఏమీ కాదని మేము ఒక్కరమూ అనలేదు. ఆయన మర్యాద మాకు ముచ్చటగా ఉండేది.

ఆ పంపు సంగతి చెప్పాలి. బిందెని అడ్డంగా పడుకోబెట్టినంత ఉంటుంది. ఫ్రిజ్ లోపలి గొట్టాల్లో ఉన్న పాత గ్యాసునీ గాలినీ తడినీ మొత్తం పీల్చేసి ఖాళీ చేస్తుంది. ఖాళీ చేశాక కొత్త గ్యాసు పోస్తారు. పీల్చింది ఎక్కడికో అక్కడికి వదలాలి కదా. ఈయన పంపు మూతికి ఒక పొడుగాటి గొట్టం తగిలించి, పెరటి గుమ్మం దాటించి, బయట అరటిచెట్ల వరకు లాక్కెళ్లేవాడు. ఆ గొట్టం చివర దగ్గరకు ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. పిల్లిని కూడా తోలేవాడు. పంపు స్విచ్చి దాని మీద వేయడు. పొడుగు వైరు లాగి, వీధి అరుగు మీద ప్లగ్గు పెట్టి అక్కడ వేసేవాడు. స్విచ్చి దగ్గర చిన్న నిప్పురవ్వ పుట్టినా చాలట.

“ఇంత భయమేంటయ్యా నీకు? వంటగ్యాసుతో రోజూ అన్నం వండుకోవట్లేదా మేము?” అన్నారు మావారు.

“వంటగ్యాసుకి కంపు కలిపారండి, లీకైతే తెలుత్తాది. దీనికి కంపు లేదండి. వచ్చి పక్కన కూర్చున్నా తెలీదు. పైగా ఇది పొగలా పైకి పోదు. ఇదిగో ఇలా పోద్ది.”

అంటూ గ్లాసుడు నీళ్లు ఫ్రిజ్ కింద ఒంపేశాడు. నీళ్లు నేల వాలు పట్టుకుని, నింపాదిగా, కుర్చీ కాళ్లు చుట్టి, దేవుడి గూటి ముందున్న పీట కిందకి వెళ్లి ఆగాయి. మా అత్తగారు పీట ఎత్తి పట్టుకుని కేకలు. నేను గుడ్డ తెచ్చి తుడవడం. ఆయన మాత్రం, “చూశారా, ఎక్కడికెళ్లిందో చూశారా” అని పరమానందం. నాకు చదువు లేదు. ఆ గ్యాసు పేరు ఆయన ఎన్నిసార్లు చెప్పినా నోరు తిరగలేదు. ఆ నీళ్లు వెళ్లిన దారి మాత్రం ఇప్పటికీ గీసి చూపించగలను.

పంపు తిరిగేకొద్దీ వేడెక్కేది. ఇటుకల మీద ఎందుకు పెట్టేవాడంటే, కింద నుంచి గాలి ఆడాలట. మధ్యమధ్య అరచెయ్యి తిప్పి, వెనకవైపుతో దాని వీపు తాకీ తాకనట్టు చూసేవాడు, పిల్లలకి జ్వరం చూసినట్టు. “కాత్తోంది. ఇంకా పరవాలేదు.” ఒకసారి మా అత్తగారు జాలిపడి తడిగోనె తెచ్చి కప్పబోయారు. “వద్దమ్మగారూ! కప్పితే ఇంకా మండిపోద్ది. ఊపిరాడాలి దానికి” అని అడ్డం పడ్డాడు. పని అయ్యాక కూడా వెంటనే సంచిలో పెట్టేవాడు కాదు. చల్లారేవరకు దాని పక్కనే కూర్చుని మజ్జిగ తాగేవాడు. టీ ఇస్తానంటే, పొయ్యి వెలిగించాలి కదా, వద్దనేవాడు.

“నువ్వు ఫ్రిజ్ బాగుచేయడానికి వచ్చావా, మమ్మల్ని పస్తు పెట్టడానికి వచ్చావా?” అనేవారు మావారు.

“ఏకాదశి అనుకోండి బాబూ. పుణ్యం మీకు, పని నాకు.”

మంచివాడే గానీ, అలిగితే మాత్రం మహామొండి. ఒకరోజు మావారు అరుగు మీద సిగరెట్ వెలిగించారు. ఈయన అది చూశాడు. ప్లగ్గు పీకాడు, పంపు చల్లారేదాకా కూర్చున్నాడు, ఇటుకలు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఫ్రిజ్ వెనక్కి తిరిగి, పొట్ట తెరుచుకుని, పెళ్లివారు వదిలేసి వెళ్లిన బాజాలా నడింట్లో ఉండిపోయింది. పాలన్నీ విరిగాయి. నేను ఫోన్ చేస్తే, “బాబుగారిని ముందు ఆ సిగరెట్ పెట్టె పూర్తి చేసుకోమనండి, తర్వాత వత్తాను” అన్నాడు. వారం పాటు రాలేదు. ఇలా చేసే చాలా ఇళ్లు పోగొట్టుకున్నాడు. బస్టాండు దగ్గర ఇంకొకాయన ఉండేవాడు. గొట్టం కోసి గ్యాసు ఇంట్లోనే వదిలేసి, గబగబా నింపేసి పోయేవాడు. పొయ్యి మీద పప్పు ఉడుకుతూనే ఉండేది. ఆయనకి ఏనాడూ ఏమీ కాలేదు. అది చెప్పి జనం ఈయన్ని ఏడిపించేవాళ్లు. “ఆయన వచ్చి వెళ్లిపోయేసరికి నువ్వు కిటికీలు తెరవడమే అవదు కదయ్యా.” “ఆయన అదృష్టం ఆయనదండి, నా భయం నాది” అనేవాడు.

ఇంకో మాట కూడా లేచింది. చర్చి మనిషి కాబట్టి కావాలనే హిందువుల ఇళ్లలో దీపాలు ఆర్పిస్తున్నాడని. ఎవరన్నారో తెలియదు, అందరూ అన్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. తర్వాత నుంచి పువ్వు ఇచ్చేటప్పుడు చేతులు కాస్త వెనకాడేవి. “ఏమీ అనుకోకండమ్మా” అని ముందే అనేవాడు. ఒకసారి అడిగి, “కొండెక్కిందా అమ్మా?” అని రెండోసారి మాత్రం నేల చూపులు చూస్తూ అడిగేవాడు.

కిందటేడు కార్తీకంలో మా ఎదురింటి పెద్దావిడ ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. వాళ్లాయన సుగరు ఇంజెక్షన్లు అందులోనే ఉంటాయి. అవి తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టి, ఈయనకి ఫోన్ చేయమన్నారు. నేనే చేశాను.

ఆవిడ ఆ నెలంతా అఖండ దీపం పెట్టుకున్నారు. కూతురు నెలలు నిండి రాజమండ్రిలో అత్తవారింట ఉంది. అంతకుముందు కాన్పులో బిడ్డ దక్కలేదు. ఈసారి తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే చాలు, నెల పొడుగునా దీపం ఆరనివ్వనని మొక్కు. లేచి చమురు పోయడం, వత్తి ఎగదోయడం, అదే ధ్యాస. నిద్ర లేక ఆవిడ కళ్లు ఇంత గుంటలు పడ్డాయి. ఆ దీపం ఆరకూడదు, ఉన్నచోటు నుంచి కదపకూడదు.

ఈయన వచ్చాడు. జేబులో పువ్వుంది. దేవుడి మూలకి పసుపుపచ్చ తెర కట్టి ఉంది. తెరకి ఇవతల నిలబడి, “దీపం ఉందా పెద్దమ్మగారూ?” అన్నాడు.

“ఉంది నాయనా. అఖండం.”

“అయితే ఫ్రిజ్ అరుగు మీదకి తీయాలండి. నలుగురు మగాళ్లుంటే...”

“మగాళ్లు ఎవరున్నారయ్యా ఈ వేళప్పుడు? అందరూ కోతల్లో ఉన్నారు. ఆయన మంచం దిగలేరు.”

“పోనీ ఆదివారం తర్వాత, మగాళ్లు దొరికితే...”

“అందాకా ఆ ఇంజెక్షన్లు ఎదురింట్లో అడుక్కుంటూ ఉండనా? నువ్వు కానివ్వు. దీపం సంగతి నేను చూసుకుంటాను.”

ఆయన పువ్వు అందించాడు. ఆవిడ తీసుకుని తెర లోపలికి వెళ్లారు, వచ్చారు.

“చూసుకున్నారా అమ్మా?”

“ఆఁ.”

“ఏమీ అనుకోకండి. కొండెక్కిందా?”

“ఎన్నిసార్లు అడుగుతావయ్యా! కానివ్వు.”

అప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. పాపం, అంత పట్టుదల గల మనిషి, మొక్కు మధ్యలో ఆపుకోవాల్సి వచ్చిందే అని నాకు ఆవిడ మీద జాలి కలిగింది. మజ్జిగ తెస్తానని మా ఇంటికి వచ్చాను.

తిరిగి వెళ్లేసరికి పంపు లోపల తిరుగుతోంది. ఆయన వీధి అరుగు మీద ప్లగ్గు దగ్గర కూర్చుని ఉన్నాడు. గ్యాసు నిండుగానే ఉందనీ, లోపల సన్నగొట్టం పూడుకుపోయిందనీ, పాత గ్యాసు పీల్చేశాక గొట్టం మారుస్తాననీ చెప్పాడు. క్రిస్‌మస్‌కి చర్చిలో పాటలు మొదలయ్యాయట. తనది మోటు గొంతని వెనక వరసలో నిలబెట్టారట. “వెనకున్నా నా గొంతే ముందుంటదండి” అని గ్లాసు నోటి దగ్గర పెట్టుకున్నాడు.

అలాగే ఆగిపోయాడు.

“గొంతు మారింది.”

“ఎవరిది?”

“పంపుదండి.”

నాకు తేడా తెలియలేదు. ఆయన ప్లగ్గు పీకేశాడు. లేచి, గోడ వైపు చూశాడు. తను బార్లా తెరిచిన కిటికీ మూసి ఉంది.

“కిటికీ ఎవరేసేరు?” అని అరిచాడు. ఆ మనిషి గొంతు అంత పెద్దదని నాకు అప్పటివరకు తెలియదు. “పెద్దమ్మగారూ! బైటికి రండి! పెరట్లోకి పొండి!”

ఆవిడ పెరటి వైపు నుంచి “ఏమిటయ్యా” అని పలికారు. అప్పటికే అక్కడే ఉన్నారు. ఆయన కిటికీ తెరవడానికి లోపలికి వెళ్లాడు.

పెద్ద చప్పుడేమీ కాలేదు. తడి దుప్పటి ఒక్కసారి విదిలించినట్టు అయింది. నేల మీద నీలంగా ఏదో పాకి, లేచి, పోయింది. నేను గ్లాసు పట్టుకుని నిలబడే ఉన్నాను. ఆయన రెండు చేతులూ ముందుకు చాపుకుని బయటకు వచ్చాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. ఇంకో కనుబొమ్మ కూడా లేదు. “నీళ్లు పోయండమ్మా. రుద్దకండి, పోయండి” అన్నాడు. బిందెల కొద్దీ పోశాను. ఎవరో ఆటో తెచ్చారు.

తర్వాత లోపలికి వెళ్లి చూశాను. కార్తీకం గాలికి దీపం రెపరెపలాడుతోందని ఆవిడ కిటికీ వేసేశారు. పెరటి తలుపూ దగ్గరకు లాగేశారు. తలుపు కింద పడి గొట్టం నలిగింది. గ్యాసు బయటకు పోయే దారి లేక, గొట్టం పంపు మూతి నుంచి ఊడిపోయింది. పంపు ఒక ఇటుక మీద నుంచి ఒరిగిపోయి, దాని వేడి నూనె నేలంతా పారింది. పసుపుపచ్చ తెర సగం కాలిపోయింది. తెర వెనక దీపం వెలుగుతోంది. ఆయన ఇచ్చిన నందివర్ధనం దాని పాదాల దగ్గర ఉంది.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. “నేను కొండెక్కించి ఉంటే, అక్కడ అమ్మాయికి ఏమైనా అయితేనో? నువ్వు చెప్పవే. ఏమైనా అయితే?” అన్నారు. ఏం చెప్పను? నాకూ కూతురుంది.

సాయంత్రానికి వీధి వీధంతా వచ్చింది. ఇల్లంతా మంట వచ్చినా అఖండం ఆరలేదట అని. కొబ్బరికాయలు కొట్టారు, హారతి పట్టారు. ఒకాయన ఫోన్‌లో వీడియో తీశాడు. “ఊరందరి దీపాలూ ఆర్పించాడు, ఇక్కడ సాగిందా?” అంది ఒకావిడ పళ్లెం పట్టుకుని. “కాదండీ, ఆ దీపం వల్లే ఆ మనిషి...” అన్నాను నేను. “దీపం వల్ల చెడు జరగడమేమిటమ్మా, ఆయనే ఏదో తప్పు చేసి ఉంటాడు, మిషన్లతో పని” అన్నాడు వీడియో తీసినాయన. అందరూ తలలూపారు. నా మాట అక్కడే పడిపోయింది, ఎవరూ ఎత్తలేదు. పెద్దావిడ దీపానికి చమురు పోస్తున్నారు. నిండిపోయి పీట మీద ఒలుకుతున్నా పోస్తూనే ఉన్నారు.

రాజమండ్రి ఆసుపత్రికి మావారూ నేనూ వెళ్లాం. చేతులు మోచేతులు దాటి కట్లు కట్టారు. మొహానికి ఏదో తెల్లని మందు పూశారు. వాళ్లావిడ చెంచాతో నీళ్లు పడుతోంది. నన్ను గొంతుతోనే గుర్తుపట్టాడు.

“పెద్దమ్మగారికి ఏం కాలేదు కదండీ?”

“ఏం కాలేదు.”

వాళ్లావిడ నా వైపు తిరిగి, “అప్పట్నుంచీ అదేనమ్మా. ఎక్కడ పొరపాటు చేశానో, ఎక్కడ చేశానో అని. గొట్టం సరిగా బిగించలేదేమోనంట, నూనె మార్చలేదేమోనంట. ఒళ్లు మంటకన్నా ఈ మంటే ఎక్కువైపోయింది” అంది.

ఆయన కళ్లు తెరవకుండా అడిగాడు. “దీపం ఉందా అమ్మా, అక్కడ?”

ఎన్నో ఇళ్లల్లో అడిగిన మాట. అదే గొంతు, అదే మర్యాద. మావారు నా భుజం తట్టారు, చెప్పకు అన్నట్టు. నేను చెప్పాను.

“ఉంది. తెర వెనకే ఉంది. గాలికి ఆరిపోతుందని కిటికీ ఆవిడే వేశారు. నీ పంపుది తప్పేం లేదు, బాబూ.”

ఆయన ఛాతీ మీద దుప్పటి ఒక్కసారి కిందకి దిగింది. అంత పెద్ద ఊపిరి వదిలాడు.

“ఆరిపోయిందాండి?”

“లేదు. అలాగే ఉంది.”

“ఓహో.” కాలిన పెదాలు నవ్వబోయి ఆగాయి. “రెండంగల్లో ఉన్నానండి తెరకి. అడిగానే గానీ, తెర తీసి చూడలేదు. చూడాల్సింది. చూసుంటే...” నీళ్లకోసం ఆగాడు. వాళ్లావిడ చెంచా అందించింది. మింగడానికి చాలాసేపు పట్టింది. “నేను తెర తీసి చూసుంటే, మీరు ఊరుకునేవారాండి?”

ఊరుకునేవాళ్లమే అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ ఒక్క మాట చాలు ఆయనకి. అబద్ధమైనా చాలు. మా అత్తగారూ, ఎదురింటావిడా, హారతి పళ్లెం పట్టుకున్న మా వీధి ఆడవాళ్లూ, వాళ్ల మధ్యలో నేనూ, అందరం కలిసి నా గొంతుకి అడ్డం నిలబడ్డాం. వాళ్లావిడ చెంచా గ్లాసులో పెట్టేసి నా మొహంలోకి చూస్తోంది. ఆయన చెవి నా వైపు తిప్పుకుని, జవాబు కోసం అలాగే ఉన్నాడు.